లస్మి ప్రశ్నను పైకి పొడిచిన రోజులు

మార్చి 3, సోమవారం, రాత్రి

నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది. తప్పులూ ఉంటాయి. ఇది చదివేవాళ్ళెవరూ లేరు గానీ, ఉంటే మన్నించాలి. మా ఊరి బడిలో ఆరో తరగతి దాకానే ఉండేది.

మా పాత కంప్యూటర్ల ఫోరంలోకి ఈరోజు ఒక కొత్తావిడ వచ్చింది. పేరు లస్మి. తెగాల్ అనే ఊళ్ళో ఉంటుంది. భర్త బస్సు కండక్టరట. గొంతుకు ఆపరేషనై మాట పోయింది. అంతకు ముందే ఎవరో పుణ్యాత్ములు అతని మాటలు రికార్డు చేసి ఒక పాత కంప్యూటర్లో పెట్టారు. మీట నొక్కితే అతని గొంతే అన్నం పెట్టమంటుంది, ఫ్యాన్ వెయ్యమంటుంది. వెనక ఒక చిన్న ప్లగ్గు ఉంటేనే ఆ ప్రోగ్రాం నడుస్తుంది. పాడైన ప్రింటరుతో పాటు ఆ ప్లగ్గూ పాత సామాన్లవాడి బండెక్కిపోయింది.

ఇప్పుడు పిలవాలంటే గ్లాసు మీద చెంచాతో కొడుతున్నాడట. జబ్బు తిరగబెట్టింది. ఆయన పోయేలోగా ఆ గొంతుతో ఒక్కసారి నా పేరు పిలిపించుకోవాలి బాపక్, అని రాసింది. పెద్దవాళ్ళను మా దగ్గర అలాగే పిలుస్తారు. గొంతు ఫైలు ఒకటి జతచేసింది. అందులో ఏ మాటుందో ఆవిడకీ తెలీదు.

నాకు జవాబులు రావు. పాత జవాబు ఎక్కడుందో కొత్తవాళ్ళకు చూపిస్తాను, అంతే. పొద్దంతా వెతికాను. ఈ ప్రోగ్రాం పేరే ఎక్కడా లేదు.

మార్చి 4

పెద్ద తలకాయలెవరూ పలకలేదు. ప్రశ్న రెండో పేజీకి జారిపోయింది. కింద 'సుందుల్' అని రాశాను. తలతో పొడవడమని అర్థం. బంతిని పొడిచినట్టు, ఆ ఒక్క మాటతో ప్రశ్న మళ్ళీ పైకొస్తుంది.

మార్చి 5

సుందుల్.

మార్చి 8, శనివారం

సుందుల్. ఫోరం చూసుకునే ప్రియో ఆటపట్టించాడు. తాతా, ఇట్లా రోజూ పొడిస్తే జవాబు రాదు గానీ నీ నెత్తి బొప్పి కడుతుంది, అన్నాడు. అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు. నేనూ ఒకటి పెట్టాను. పలికేవాళ్ళు లేని ప్రశ్నలకు తాళం వేసేస్తాం, ఇంకో వారం చూస్తా, అని కూడా అన్నాడు. తలాడించాను. నా తల అతనికి కనబడదని తరవాత తోచింది. సరే బాబూ, అని రాశాను.

మార్చి 11

లస్మి భర్త చెంచా కూడా పట్టుకోలేకపోతున్నాడట. ఏమన్నా తెలిసిందా బాపక్, అని లస్మి అడిగింది. ఇంకా లేదమ్మా, అన్నాను. మీరొక్కరే పలుకుతున్నారు, అంది.

మా ఆవిడ తార్మి టెంపే, అదే పులియబెట్టిన సోయా ముక్కలు, వేయిస్తూ దెప్పింది. నాతో రోజుకు రెండు ముక్కలు మాట్లాడితే గొప్ప, అక్కడెవరితోనో తెగ టకటకలాడిస్తున్నారే, అని. టెంపే ముక్క నోట్లో పెట్టుకున్నాను. కాలింది.

మార్చి 14

నేను రాయబోయేసరికే ఎవరో సుందుల్ రాసేశారు. చూస్తే ప్రియో.

మార్చి 16, ఆదివారం

లస్మి భర్త నిన్న పోయాడట. ఇక పైకి పొడవకండి బాపక్, చాలా శ్రమ పెట్టాను, అని రాసింది. ఆవిడే అడిగితే ప్రియో ప్రశ్నకు తాళం వేశాడు.

అలవాటుగా ఆ మాట వేళ్ళ దాకా వచ్చింది. రాయడానికి చోటు లేదు.

మార్చి 19

మకస్సార్ నుంచి ఒకతను నాకు విడిగా రాశాడు. ఇన్నాళ్ళూ ఓడ పని మీద ఉన్నాడట, ఇవాళే చూశాడట. ప్లగ్గు కావాల్సింది ప్రోగ్రాంకి తాతా, గొంతులకు కాదు, అన్నాడు. ఫైలు పేరు చివరి మూడక్షరాలు మార్చు, పాటలు వినే ఏ ప్రోగ్రామైనా పలికిస్తుంది, ఇంతోటి దానికా ఇంత గొడవ, అన్నాడు.

ఇంతోటి దానికే.

ఆవిడ జతచేసిన ఫైలు దించాను. పేరు మార్చాను. నొక్కాను. కండక్టరు గొంతు కదా, ఇల్లంతా మోగింది. లస్మీ, కూరలో మళ్ళీ ఉప్పెక్కువేశావు! ఆ వెనకే తనే పకపకా నవ్వాడు.

వంటింట్లోంచి తార్మి కేకేసింది. ఎవరండీ ఆ వచ్చినాయన, గుమ్మం ఎక్కకుండానే ఉప్పు సంగతెత్తాడు, కాఫీ పెడుతున్నా, కూర్చోమనండి, అని.



మార్చి 20

లస్మికి ఇది పంపాను.

అమ్మా, జవాబు దొరికింది. ఆ ఫైల్లో మీ పేరుంది. ఆయన నవ్వు కూడా ఉంది. ఎలా వినాలో ఇందులో రాయలేదు. ఇప్పుడు మీకు వద్దేమో. కావాలంటే ఒక్క మాట చాలు. ఎప్పుడనిపిస్తే అప్పుడు రాయండి.