దువ్వెన మీద జిడ్డు వేలు

ఖార్కివ్, 1974 మార్చి

అమ్మా,

నేను బాగానే ఉన్నాను. నువ్వు భయపడ్డట్టు ఏ కిరణాలూ నన్ను కాల్చలేదు. మా ప్రయోగశాలలో చేస్తున్న గొట్టం పనిచేసింది! దాని లోపల దువ్వెన లాంటి రాగి పలక ఉంటుంది. ఆ పళ్ల మీదుగా, వాటిని తాకకుండా, ఎలక్ట్రాన్లు పరుగెత్తితే రేడియో తరంగం పుడుతుంది. అందుకు లోపల గాలి ఉండకూడదు, కానీ ఎన్నాళ్లయినా అది పూర్తిగా పోలేదు. మా పెద్దాయన హ్నాత్ ఓస్తాపొవిచ్ అందరి మీదా మండిపడి, చివరికి దాన్ని విప్పించాడు. పలక మీద బొటనవేలి ముద్ర నిగనిగలాడుతోంది. ఆ జిడ్డు ఆవిరే గొట్టంలో నిండుతోందన్నమాట.

"ఈ జిడ్డు వేలు ఎవరిది?" అని అరిచాడు.

ముద్ర మధ్యలో గాటు ఉంది. గాటున్న వేలు ఆయనొక్కడిదే.

"మీదేనండీ. పలక బిగించే ముందు మా అమ్మ పంపిన పందికొవ్వు లొట్టలేసుకుంటూ తిన్నారు కదా," అన్నాను.

"నా బుద్ధి మండ! అంత రుచిగా ఎవరు చెయ్యమన్నారే మీ అమ్మను?"

స్పిరిటుతో కడిగాం. నిన్న మీట వేస్తే, తలోదారిన పోయే ఎలక్ట్రాన్లు గుంపులు కట్టి ఒకే లయలో కదిలాయి. మీటరు ముల్లు లేచి అలాగే నిలిచింది. ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

పందికొవ్వు మళ్లీ పంపు, ఈసారి వాకిట్లోనే తింటాడట. ఆవు ఈనిందా? నాన్న మోకాలు ఎలా ఉంది? ఆయన్ని మంచు మీద నడవనివ్వకు.

తాకకుండానే తరంగం ఎలా పుడుతుందే అని అడుగుతావు. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే, లేస్తానేమోనని జుట్టును తాకకుండా పైపైనే చెయ్యి పోనిచ్చేదానివి. నేను నిద్రపోలేదమ్మా. నాకు తెలిసేది.

నీ మోత్ర్య