మొదటి ప్రశ్న నాది

సిరిసిల్ల సభ కార్యదర్శి గారికి,

ఆడవాళ్ల శ్రమ గురించి పుస్తకం రాసిన మా స్రవంతి మాట్లాడే రోజున, కన్నతల్లినని నాకూ వేదిక మీద శాలువా కప్పుతామన్నారు. సంతోషం. కానీ వద్దండి. సన్మానం చేయించుకున్నవాళ్లను ఎవరూ ప్రశ్న అడగనివ్వరు.

మగ్గానికి నూలు కండెలు చుట్టుకుంటూ మేమిద్దరం వాదించుకున్న మాటలే ఆ పుస్తకంలో సగం. "ఇంటిపని గూడ పనేనే అమ్మా" అని పదో తరగతిలోనే నాతో కొట్లాడింది. ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

అందుకే నాకు జనంలో ఒక కుర్చీ వేయించండి, ముందుగా మైకు ఇప్పించండి. "పనే అయితే, గా పనికి సెలవెప్పుడు బిడ్డా?" అని అడగాలి.

జవాబు దొరక్కపోతే ఇంకో పుస్తకం రాస్తుంది. దాని సంగతి నాకు తెలుసు.

ఇట్లు,
స్రవంతితో వాదించే తల్లి