మిగిలిన గోలీలు

లింగాల ఘనపూర్

మనీషా బిడ్డా, మీ అమ్మ గండం గడిచి ఇంటికొచ్చింది! నిన్న పొద్దున జనగామ దవాఖాన నుంచి తీసుకొచ్చాను. జ్వరం లేదు, వణుకు లేదు, మూత్రంలో మంట లేదు. రాగానే ఇల్లు ఊడ్వలేదని నన్ను తిట్టింది. ఆ తిట్లు విని నాకెంత సంతోషమైందో రాయడానికి ఈ కాగితం చాలదు. ప్రభువు దయవల్ల మేమిద్దరం క్షేమం. భూపాలపల్లి హాస్టల్లో నువ్వూ వేళకు తింటూ, నర్సు చదువు బాగా చదువుతున్నావని నమ్ముతున్నాను.

పరీక్షలో ఏం తేలిందని పోయిన ఉత్తరంలో అడిగావు. కళ్లారా చూసింది చెబుతాను. ల్యాబులో పనిచేసే యమున, అమ్మ మూత్రంలోని బ్యాక్టీరియాను చిన్న పళ్లెంలో పెంచింది. మూడో రోజు నన్ను పిలిచి, మూత తీయకుండానే చూపించింది. పళ్లెమంతా నారుమడిలాగా ఒత్తుగా మొలిచింది. మధ్య మధ్య గుండ్రని కాగితపు బిళ్లలు. ఒక్కో బిళ్లకు ఒక్కో మందు పట్టించి ఉంటుందట.

"గీ బిళ్ల చుట్టు ఖాళీ జాగ కనబడ్తుందా పెద్దాయనా? గీ మందుకు చచ్చినయి. గిదే ఇంజెక్షన్ జేస్తరు" అన్నది.

"మరి గా బిళ్ల అంచుదాక మొలిచినయి గదమ్మా?"

"గా మందు వాటికి పనిజేస్తలేదు. మందు గోలీలు సగంల ఆపితే గట్లనే అయితది. మందుకు ఓర్చుకున్నయే మిగులుతయి, మల్ల అవే పెరుగుతయి."

ఆ మందు పేరు అడిగాను. చెప్పింది. మన ఇంట్లో ఉన్న గోలీల పేరే అది.

పది రోజులు ఇంజెక్షన్లు చేశారు. నాలుగో రోజుకే అమ్మ లేచి కూర్చుని జావ అడిగింది!

అమ్మ గోలీలన్నీ వేసుకుంటోందా అని కూడా అంతకుముందు ఉత్తరంలో అడిగావు. వేసుకుంటోందని రాశాను. అది అబద్ధం బిడ్డా. ఈ ఏడాది మూడుసార్లు మంట వచ్చింది. మూడుసార్లూ దవాఖానలో వారానికి సరిపడా గోలీలిస్తే, రెండు రోజులకు మంట తగ్గగానే నేనే ఆపించాను. మిగిలినవి బిస్కెట్ల డబ్బాలో దాచాను. ఎవరు తుమ్మినా అందులోంచి తీసిచ్చి పెద్ద డాక్టరులాగా మీసం దువ్వుకున్నాను. దవాఖానలో డాక్టరమ్మ అడిగినప్పుడూ "అన్ని వాడినం మేడం" అన్నాను. పక్కన మీ అమ్మ పళ్లు కొట్టుకుంటూ వణుకుతోంది. అయినా నిజం చెప్పలేదు.

జబ్బు ముదిరింది నా వల్లేనని నిన్న అమ్మకు చెప్పాను.

"నాకెరుక లేదా? నువ్వు ఆపమన్నవ్, నేను ఆపిన. ఇగ నీ దవాఖాన బంద్ జెయ్యి, డాక్టర్ సాబు!" అన్నది.

ఇవాళ ఆ డబ్బా తీసుకెళ్లి యమునకు అప్పగించాను. జలుబుకు కూడా ఇచ్చానంటే తల పట్టుకుంది. "జలుబు వైరస్ తోని వస్తది పెద్దాయనా. గీ గోలీలు బ్యాక్టీరియాకు. వైరస్‌ను ఏం జెయ్యవు."

ఫోన్లో చెబుదామంటే నాకు సిగ్గు. ఆదివారం వార్డెనమ్మ నీ ఫోను నీ చేతికిచ్చినప్పుడు, కింద రాసిన వాళ్లకు అమ్మ బాగైందని చెప్పు. నేనిచ్చిన గోలీలు మింగొద్దనీ చెప్పు. నేను చెబితే నవ్వుతారు, నీ మాటైతే వింటారు.

ఇట్లు
నీ నాయిన
దుర్గయ్య

కేసముద్రంలో డేవిడ్ మామ: దగ్గుకని నాలుగిచ్చాను, రెండు జేబులోనే ఉన్నాయన్నాడు.
టేకుమట్లలో కౌసల్య చిన్నమ్మ: పిల్లల జ్వరానికని ఆరు. ముందు ఆమెకే ఫోను చెయ్యి.
మహబూబాబాద్‌లో దేవదాసు పెద్దనాయిన: ఎన్నిచ్చానో గుర్తు లేదు.
నువ్వు: హాస్టల్‌కు పోయేనాడు నీ పెట్టె అడుగున, కాగితంలో చుట్టి మూడు పెట్టాను.