చివరికి మిగిలిన నాలుగు

మంగళవారం, చిక్కడపల్లి

వైర్లతో కలిపి సంగీతం పుట్టించే పెట్టెలు, ఆ సింథసైజర్ మాడ్యూళ్లు కొనేముందు ఏడాదిపాటు సాఫ్ట్‌వేర్‌లో వాయించి చూడమన్నాడు నిరుడు, వాటితోనే పాటలు కట్టే దోమలగూడ రవన్న. ఇవాళ లాప్‌టాప్ పట్టుకెళ్లి నా ట్యూన్ వినిపించాను. తెరమీద ముప్పై మాడ్యూళ్లు, వాటిమధ్య రంగురంగుల వైర్లు. ఎంత గర్వంగా వెళ్లానో!

ట్యూన్ మోగుతుండగానే అన్న ఒక్కో మాడ్యూల్‌నీ తీసేస్తూ, "ఏమన్న ఫరక్ పడ్డదా తమ్మీ?" అని అడిగాడు. ప్రతిసారీ లేదనే చెప్పాల్సి వచ్చింది. చివరికి నాలుగు మిగిలాయి. ట్యూన్ మాత్రం అలాగే ఉంది.

"ఇగ పరేషాన్ కాకు. ఈ నాలుగు కొనుక్కుంటే చాలు," అన్నాడు సంతోషంగా.

సరేనని అశోక్ నగర్ మీదుగా నడిచొచ్చేశాను. అన్నకు చెప్పలేకపోయాను... ఆ నాలుగూ సాఫ్ట్‌వేర్‌తోపాటు వచ్చిన డెమో ట్యూన్‌లోవి. ఏడాదంతా నేను చేర్చినవల్లా ఆయన తీసేసిన ఆ ఇరవయ్యారే.