చలికాలపు కోయిల

నాగాయలంక.

అనఘ గారికి, రామకోటేశ్వరరావు నమస్కారాలు.

మీ పక్షుల సంస్థవారు ఇచ్చిన, కూతలు రికార్డు చేసి మీకు పంపే చిన్న పెట్టె మెడలో వేసుకుని రోజూ పొద్దున్నే పొలం గట్ల మీద తిరుగుతున్నాను. పిట్ట కూత పోల్చుకోగానే పచ్చలైటు వెలుగుతోంది. ఫోన్ చేయకండి, నా చెవులు అంతంతమాత్రం. పక్షవాతం వచ్చి మా ఆవిడ బాలసరస్వతికి మాట పడిపోయింది. మాటలేని ఇంట్లో కూర్చోలేకే ఈ తిరుగుడు. తిరిగొచ్చి పెట్టెను వంటింటి మేకుకు తగిలించి పెరట్లోకి స్నానానికి వెళ్తాను. వచ్చేసరికి కాఫీ చల్లగా, ఆవిడ మొహం వేడిగా ఉంటున్నాయి. ఎందుకో తెలీదు.

ఇట్లు,
రామకోటేశ్వరరావు

భవానీపురం, విజయవాడ.

రామకోటేశ్వరరావు గారికి నమస్కారాలండీ.

మీ పెట్టెలో రోజూ పొద్దున్నే కోయిల కూత నమోదవుతోంది. చలికాలంలో కోయిల అంతగా కూయదు. నిజమైతే పెద్ద విశేషమే. అదెక్కడ వాలుతోందో కాస్త చూస్తారా?

మీ అనఘ

తా.క.: మధ్యాహ్నాలు మీ ఇంట్లో బోదురుకప్ప కూత కూడా వినిపిస్తోంది. దయచేసి దాన్ని కదిలించకండి.

నాగాయలంక.

అనఘ గారికి,

చెట్టు చెట్టూ వెతికాను, కోయిల లేదు. మామిడిచెట్టు ఎక్కితే పక్కింటి హెప్సిబా దింపేసింది. అది చూసి మా ఆవిడ నవ్వింది. జబ్బు చేశాక అదే మొదటి నవ్వు. రేపు మళ్లీ ఎక్కుతాను.

రామకోటేశ్వరరావు

తా.క.: ఆ బోదురుకప్పను నేనే. భోంచేశాక కాస్త కునుకు తీస్తాను.

భవానీపురం.

రామకోటేశ్వరరావు గారికి,

ఏమీ అనుకోకండి. ఆ కూతను ఆఫీసులో అందరం కూర్చుని విన్నాం. అది పిట్ట కాదండీ, మనిషి. మమ్మల్ని సంతోషపెడదామని మీరే కూస్తున్నట్టున్నారు. మా పెద్దసారు పెట్టె వెనక్కి పంపించెయ్యమన్నారు.

అనఘ

తా.క.: కూత మాత్రం చాలా బాగుంది.

నాగాయలంక.

అమ్మా అనఘా,

మీ ఉత్తరం చదివి ఒళ్లు మండింది. నేను దొంగకూతలు కూసేవాడినా అని హెప్సిబాకి చూపించాను. మర్నాడు పొద్దున ఆ అమ్మాయి వంటింట్లో కూర్చుని వింది. పెరట్లోకి వచ్చి నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లి, చెవి దగ్గర గట్టిగా చెప్పింది: "బాబాయ్ గారూ, కూసేది పిన్నిగారండీ."

పెళ్లయిన కొత్తలో మా అమ్మ ఎదుట మొగుణ్ని పేరుపెట్టి పిలవలేక, పొలంలో ఉన్న నన్ను ఆవిడ కోయిలలా కూసి అన్నానికి పిలిచేది. నేనే మరిచిపోయాను. మాట పోయినా ఆ పిలుపు పోలేదమ్మా. రోజూ కాఫీకి పిలుస్తోంది, నేను పలకడం లేదు. నాకు ఏడుపు ఆగలేదు. ఆ రోజు కాఫీ వేడిగా తాగాను.

ఇట్లు,
రామకోటేశ్వరరావు

తా.క.: చెవి మిషను వచ్చేదాకా పెట్టె పంపలేను, మీ సారుకి నచ్చచెప్పండి. ఇప్పుడు ఇంట్లో కూడా మెడలోంచి తీయడం లేదు. పచ్చలైటు వెలగ్గానే "వస్తున్నా" అంటున్నాను. నిన్న ఒక గోరింకకు కూడా పలికాను.