మందారం సంతతి

9 జూన్ 2024, ఆదివారం
మా పాత ఆవు మందారం మనుమరాలు కూడా పలచగా పేడ వేస్తున్నది. మేత తింటున్నది, అయినా డొక్కలు లోపలికి పోయినవి. దాని తల్లిని, పెద్దమ్మను ఇదే విధంగా పోగొట్టుకున్నాము. బయటి బీజం కలవనీయక, ఇంటి ఆంబోతుతోనే ఒకే సంతతిని నిలిపినవాడిని మెదక్‌లో నేనొక్కడినే. ఆంబోతు కూడా మందారం కడుపున పుట్టినదే.

12 జూన్
పశువుల దవాఖాన నుండి డాక్టర్ అరుణ గారు వచ్చి పేడ శాంపిల్ తీసుకున్నారు. ఆంబోతు ఎక్కడిదని అడిగారు. చెప్పాను. పుస్తకంలో రాసుకున్నారు. ఆ రాసుకోవడం నాకు నచ్చలేదు.

21 జూన్, సాయంత్రం 6
రిపోర్టు వచ్చింది. జోన్స్ వ్యాధి. పేగు గోడ మందమై, తిన్నది ఒంటికి పట్టదట. పేడతోనూ, తల్లి పాలతోనూ దూడలకు అంటుతుందట. నయం చేసే మందు లేదు.
నేను వాదించాను. నా భార్య గోదావరి తన పుట్టిల్లు శంకరంపేట నుండి తెచ్చుకున్న నల్లావు అదే కొట్టంలో ఉన్నది, అదే తొట్టిలో తాగుతున్నది, దానికేమీ కాలేదు కదా అని. జాతి తక్కువదని దానిని నేను ఏనాడూ లెక్కచేయలేదు. డాక్టర్ గారు, జవాబు మీరే చెప్పిండ్రు సార్, క్రిమి అన్నిటికి ఒకటే, తట్టుకునే శక్తి కొన్నిటికి పుట్టుకతోనే తక్కువుంటది, మీరేమో అదే రక్తం మళ్ల మళ్ల కలిపిండ్రు అన్నారు.
రాత్రి బడిలో చదివి డిగ్రీ దాకా వచ్చినవాడిని. అనువంశికత పాఠం నేనూ చదివాను. అందులో నా కొట్టం కనబడలేదు.

24 జూన్
బావమరిది ప్రభాకర్ వచ్చి, బావా, ఆవు పక్కబొక్కలు తేలకముందే అంగట్ల అమ్మెయ్, కొన్నోని నొసటి రాత అన్నాడు. దొంగవలె అమ్మనని చెప్పాను. వంటింట్లో నుండి గోదావరి, అమ్మకుంటె మంచిదే, మరి బాలనర్సమ్మకు పాలుకిచ్చిన పెయ్య సంగతేంది అని అడిగింది.
బాలనర్సమ్మది హవేలిఘనపూర్. భర్త లేడు. మూడేండ్ల కింద ఈ సంతతి పెయ్యను నేనే ఇచ్చాను. మేపుడు ఆమె వంతు, పాలు ఆమెవి, దూడలు చెరిసగం. ఇప్పుడు ఆమె ఇల్లు ఆ పాలమీదనే నడుస్తున్నది.
ఆమెకు చెప్పాలి.

30 జూన్
ఇస్త్రీ చొక్కా వేసుకొని బస్టాండు దాకా పోయి తిరిగి వచ్చాను.

3 జూలై, బుధవారం
వెళ్లాను. చెప్పవలసిన మాటలు దారి పొడవునా పేర్చుకున్నాను. మొదటి మాట కాకముందే ఆవును చూశాను. తోకంతా పేడ. వెన్నెముక గుడారపు కొయ్యవలె నిలిచి ఉన్నది. ఉగాది కాడి నుంచే పారుతున్నదన్నా అన్నది బాలనర్సమ్మ. ఎందుకు చెప్పలేదని కోపంగానే అడిగాను.
ఎట్ల చెప్పాలె అన్నా, మందారం జాతికి రోగం రాదని నలుగుర్ల చెప్పుకుంటవు, నాకు మేపరాక చెడగొట్టిన్నంటవని భయపడ్డ, ఆకుపసరు పోసుకుంట వస్తున్న అన్నది. పక్కింటి జ్ఞానమ్మ గోడ మీది నుండి, గాయన ఆవు సచ్చినా రోగమని ఒప్పుకోడు, ముహూర్తం బాగలేదంటడు అని నవ్వింది.
మా కొట్టంలోని రోగం సంగతి చెప్పి, దీనికి బదులు నల్లావును తెచ్చి కట్టేస్తానన్నాను. నీ కొట్టంలదైతె వద్దన్నా అన్నది, మెల్లగా.
మేము మాట్లాడుతున్నంతసేపూ దూడ తల్లి పొదుగును వదలలేదు.

8 జూలై
పొద్దున మా వాడకట్టు ఇంద్రకరణ్ ఎదకు వచ్చిన తన ఆవును తోలుకొని, ఆంబోతు కోసం మా గేటు ముందు నిలబడ్డాడు. ఆంబోతు లేదని చెప్పాను. లోపలి నుండి అది రంకె వేసింది. ఇంద్రకరణ్ నా ముఖం వైపు చూశాడు.
లేదని మళ్లీ చెప్పాను.