అందరికీ పడిన షాంపూ

పిన్నికి నమస్కారాలు.

ఇక్కడ అమ్మా నేనూ కులాసాగానే ఉన్నాం. అమ్మ మోకాళ్లు మాత్రం రోజుకో పాట పాడుతున్నాయి. నువ్వూ బాబాయీ బాగున్నారని తలుస్తాను. మనిద్దరం కలిసి నడపాలనుకున్న పార్లరుకు తీసుకున్న కొత్త గదికి అద్దాలు బిగించారనీ, తల కడిగే బేసిన్లు మనిద్దరికీ పక్కపక్కనే పెట్టించావనీ నీ ఉత్తరంలో చదివి అమ్మకు రెండుసార్లు వినిపించాను.

కొత్త షాంపూ సంగతి అడిగావు. పాతది బోలెడంత నురగ ఇచ్చేది గానీ, చర్మంలోని జిడ్డంతా లాగేసి నా వేళ్లు పగలగొట్టేది. నువ్వు చెప్పినట్టే మా పార్లరు మేడమ్‌ను బతిమాలి, చర్మాన్ని పీల్చని మెత్తటి రకం తెప్పించాను. నురగ రాకపోతే కడిగినట్టే ఉండదని మొదట్లో గొణిగింది. ఇప్పుడు ఊరందరికీ ఆవిడే దాని గొప్ప చెబుతోంది. ఎప్పుడూ నెత్తి మంటతో వచ్చే టీచరమ్మకు మంట తగ్గింది. మంచి సరుకే పిన్నీ, అందులో అనుమానం లేదు.

ఇక నా చేతులు. ఆ మాట దగ్గరికి రాలేకే ఇంతసేపూ చుట్టూ తిరిగాను.

మొదట్లో హాయిగానే ఉంది. తరువాత మణికట్టు దాకా బొబ్బలు లేచాయి. గ్లవ్స్ వేసుకుంటే లోపలి చెమటకు ఇంకా రేగాయి. చర్మం డాక్టరు నా వీపు మీద చిన్న చిన్న బిళ్లలు అంటించి పరీక్ష చేశాడు. ఆ షాంపూలో కొబ్బరినూనెతో చేసిన నురగ సరుకొకటి కలుపుతారట, దాని తయారీలో మిగిలిపోయేదేదో నాకు పడదట.

"అది అందరికీ మంచిదే కదండీ?" అన్నాను.

"దాదాపు అందరికీ మంచిదే. పగిలిన చేతులతో అన్నాళ్లు పనిచేశావు కదమ్మా, అలాంటి చర్మం తొందరగా ఎదురు తిరుగుతుంది. ఒకసారి తిరిగాక ఇక మరిచిపోదు."

వేరే రకం వాడతానన్నాను. ఉన్నాయి గానీ, రోజంతా నీళ్లలో నానే పనిలో ఏది వాడినా ఈ చేతులు మానవు అన్నాడు.

నా చోట్లో ఇప్పుడొక కొత్తమ్మాయి ఉంది. అదే షాంపూతో ఆమె చేతులు నున్నగా ఉన్నాయి. మేడమ్ నన్ను పొమ్మనలేదు, తువ్వాళ్లు మడతపెట్టుకోమంది. వాటిలో మిగిలిన షాంపూ తడికే వేళ్లు రేగాయి. నేనే మానేశాను.

నా కోసం ఆగకు పిన్నీ. ఇంకెవరినైనా చూసుకో.

ఈ అక్షరాలు అమ్మవని నువ్వు ఎప్పుడో పోల్చుకుని ఉంటావు. వేళ్లకు గుడ్డ చుట్టుకుని నేను చెబుతుంటే రాసిపెడుతోంది. పై మాట దగ్గర కలం ఆపి నా ముఖంలోకి చూసింది.

"ఇది కూడా రాయనా?" అంది.

రాయమన్నాను.

ఇట్లు,
నీ దగ్గర పని నేర్చుకున్న
నీ అక్క కూతురు